కానరాని ఆటకు కట్టిన వెల

కోట్ల రూపాయలతో కొత్త క్రీడామైదానముల మాట మరల వినవచ్చుచున్నది. ఎంతమంది పట్టుదురన్న లెక్క అందరును చెప్పుచున్నారు. పట్టినవారికి ఆట కనబడునా అని అడుగువారు అరుదు. న్యూయార్కు, చెన్నపట్నము, ఉప్పల్, కోహెడల సాక్షిగా ఆ ప్రశ్నను ఈవారము అడుగుచున్నాము.

ఎండలు ముదిరి చెరువులో నీరు అడుగంటి, శిఖపు నేల గట్టిపడిన పిమ్మట, సిద్దిపేట జిల్లా కోహెడ మండలములో సాయంకాలపు వేళ ఏ ఊరి చెరువు దగ్గరకు పోయినను ఇంచుమించు ఒకే దృశ్యము కానవచ్చును. ఎండిన శిఖములో సున్నముతో గీతలు గీసి, మూడేసి కట్టెలు పాతి, రెండు ఊళ్ళ కుర్రవాండ్రు టెన్నిసు బంతితో క్రికెట్టు ఆడుచుందురు. ఒకడు అద్దెకు తెచ్చిన మైకులో పరుగుల లెక్క చెప్పుచు, నడుమనడుమ బహుమానమిచ్చిన పెద్దల పేర్లు చదువుచుండును. ఊరిలో సగము చెరువుకట్ట మీదనే యుండును. పైన తుమ్మచెట్ల నీడలో వృద్ధులు, వాలున యువకులు, దిగువన మోకాళ్ళు ముడుచుకొని పిల్లలు, ఒక ప్రక్క నిలిపిన ట్రాక్టరు ట్రాలీలో మరికొందరు. కట్ట ఏటవాలుగా నున్నందున ముందువాని తల వెనుకవాని కంటికి అడ్డు రాదు. ఆవేశము పట్టలేక ఎవడైనను లేచి నిలుచున్నచో, “ఓ తమ్మీ, జర కూసో, మాకు కనవడ్తలేదు” అను కేక వెనుకనుండి వెంటనే వచ్చును. వాడును వెంటనే కూర్చుండును. అచట టిక్కెట్టు లేదు, కుర్చీకి నెంబరు లేదు. అయినను చూడవచ్చినవాడెవ్వడును చూడకుండ ఇంటికి పోడు.

ఈ కుర్రవాండ్రే ఐపీఎల్ రోజులలో నలుగురైదుగురు కూడి, నెలనెలా దాచిన సొమ్ముతో టిక్కెట్లు కొని, రాజీవ్ రహదారి మీదుగా నూరు కిలోమీటర్లకు పైబడి బస్సులో ప్రయాణించి జూబ్లీ బస్‌స్టేషనులో దిగి, పరేడ్ గ్రౌండ్ వద్ద మెట్రోరైలెక్కి, ‘స్టేడియం’ అను పేరే కలిగిన స్టేషనులో దిగుదురు. ఆ ఉప్పల్ మైదానము కావచ్చును, బెంగుళూరు చిన్నస్వామి కావచ్చును. పెద్ద మైదానములో సామాన్యుని అనుభవము ఒక్కటే. బౌలరు పరుగందుకొనగానే ముందు వరుస మొత్తము లేచి నిలుచును. కూర్చున్నచో ఇనుప కమ్మీ సరిగా కంటి ఎత్తుననే యుండును. కొంచెము వంగినచో కంచె జాలీ గళ్ళలో బ్యాట్స్‌మన్ ముక్కలు ముక్కలై కనబడును. పై అంతస్తున కూర్చున్నవానికి దగ్గరి బౌండరీ తన కాళ్ళ క్రిందనే మాయమగును. బంతి అటువైపు దూసుకొని వచ్చినపుడు జనమంతయు ఒక్కసారి హోరెత్తును.

“అన్నా, బాల్ ఎటువోయిందే?”

“ఏమో తమ్మీ, గా పెద్ద టీవీల సూడు, మల్ల ఏస్తడు.”

వేలరూపాయలు వెచ్చించి, ఒక పగలు ఒక రాత్రి ధారపోసి వచ్చినవాడు, ఇంటిలో కూర్చుండి ఉచితముగా చూడగలిగిన దానినే మైదానములోని తెరమీద చూడవలసి వచ్చుట ఎంతటి కష్టము! ఇది చిన్న ఫిర్యాదని తోసివేయుటకు వీలులేదు. టిక్కెట్టు కొన్నవాడు కుర్చీని కొనలేదు, నీడను కొనలేదు, చూపును కొన్నాడు. ఆ చూపునే ఇవ్వలేనపుడు తక్కినవెన్ని ఇచ్చినను అతనికి ఇచ్చినదేమున్నది?

ఈ మాట ఇప్పుడెందుకు?

తెలుగునాట కొత్త మైదానములను గూర్చిన ఆలోచనలు రెండు రాష్ట్రములలోను సాగుచున్నవి. హైదరాబాదు శివారున మరొక అంతర్జాతీయ క్రికెట్ మైదానము కట్టవలెనన్న సంకల్పమును తెలంగాణ ప్రభుత్వము 2024లో వెల్లడించినది. అమరావతిలో లక్షమందికి పైగా పట్టునట్టి మైదానము వెలయవలెనన్న మాట 2025లో ఆంధ్రదేశమున గట్టిగా వినవచ్చినది. పునాది పడిన తరువాత మెట్టు ఎత్తును మార్చుట ఎవ్వరితరమును కాదు. కావున చూపును గూర్చి మాటాడవలసిన కాలము నక్షా కాగితము మీద నున్నప్పుడే. ఈ జాగ్రత్త లేకపోవుట వలన ఎంతటి సంపన్నదేశమున ఎంతటి రచ్చ జరిగినదో తెలిసికొనుటకు 2009 నాటి న్యూయార్కు నగరమునకు పోవలెను.

ఒకే వారములో రెండు మైదానములు

అమెరికాలో నున్న తెలుగువారికి న్యూయార్కులోని ఫ్లషింగ్ అనగానే 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుని గుడి జ్ఞప్తికి వచ్చును. ఆ గుడికి అంత దూరము కానిచోటనే మెట్స్ అను బేస్‌బాల్ జట్టువారి మైదానమున్నది. బేస్‌బాల్ మన క్రికెట్టునకు దూరపు చుట్టము. బంతి విసరువాడు, కొట్టువాడు, పట్టువాడు అందులోను కలరు. మన సిక్సరు వంటి దెబ్బను అచట హోమ్ రన్ అందురు. కొట్టువాడు మైదానము నడుమ కాక ఒక మూలను నిలుచును. ఆ మూలనుండి నేల విసనకర్రవలె విచ్చుకొనును. అందుచేత అచ్చటి కుర్చీలన్నియు ఆ మూలవైపు మొగము పెట్టి యుండవలెను.

1964 నుండి మెట్స్ జట్టువారు ఆడుచుండిన షే స్టేడియములో దాదాపు 57 వేలమంది పట్టెడివారు. దాని ప్రక్కనే సుమారు 42 వేలమందికి సరిపోవునట్లు సిటీ ఫీల్డ్ అను కొత్త మైదానమును కట్టి, పాతదానిని పడగొట్టి, 2009 ఏప్రిల్ 13న తొలి లీగు ఆట ఆడించినారు. ముచ్చటైన ఇటుక కమానులు, విశాలమైన నడవలు, రకరకముల భోజనశాలలు. ఆటను మనసార ప్రేమించువారు మాత్రము తమ కుర్చీలలో కూర్చుండి చూడగా, పై అంతస్తులలో పలుచోట్ల మైదానపు మూలలు కనబడలేదు. గోడ దగ్గర బంతి పట్టుటకు ఫీల్డరు పరుగెత్తినచో అతడు పట్టినాడో విడిచినాడో తెలియదు. కొన్ని వరుసలలో మెట్లకడ్డముగా అమర్చిన కమ్మీలు, అద్దపు పలకలు కంటికి ఎదురుగా వచ్చినవి. కట్టడపు జ్యామితి వలన ఇది తప్పదని యాజమాన్యపక్షమున సమాధానము వినవచ్చినది. జ్యామితి ఆకాశమునుండి ఊడిపడదు గదా; దానిని గీసినవాడు మనుష్యుడే, గీయించినవాడును మనుష్యుడే. అభిమానుల ఆవేదనలోని సారాంశము ఇంకొకటి: ఈ కుర్చీలో ఇంత కనబడదన్న మాట అమ్మునప్పుడే చెప్పవలసినది.

ఆ ఏప్రిల్ 16ననే అదే నగరమున యాంకీస్ జట్టువారు తమ కొత్త మైదానమును తెరచినారు. ఖర్చు దాదాపు 150 కోట్ల డాలర్లు. మైదానమునకు అతిసమీపమున మెత్తని కుర్చీలు వేసి కొన్నిటికి ఒక్కొక్క ఆటకు 2,500 డాలర్లు వెల కట్టినారు. కొనువారు లేక టీవీలో ఆ వరుసలు బోసిపోయి కనబడుటచే, నెల తిరుగకముందే వాటిలో కొన్నిటి వెలను సగమునకు తగ్గించినారు. ఇక అచట అతితక్కువ వెలగల బల్లలు మైదానపు ఆవలితట్టున నుండును. వాటిని బ్లీచర్స్ అందురు. మన నేలక్లాసు వంటివి. ఆ బల్లల నట్టనడుమ ఒక పానశాల కట్టినారు. దాని గోడ కిరువైపుల కూర్చున్నవారికి మైదానములో ఒక పార్శ్వము కనబడదు. కుడివైపు వానికి ఎడమపక్క లేదు, ఎడమవైపు వానికి కుడిపక్క లేదు. ఆ గోడకు టీవీలు తగిలించి, ఆ చోట్లను ‘అడ్డమున్న చూపు’ అని పేర్కొని, 5 డాలర్లకు అమ్మినారు.

ఈ రెంటిలో రెండవదానిని నేను కొంత మేలందును. గోడ కట్టుట తప్పే. అయినను ఆ తప్పును దాచక, వెల తగ్గించి, కొనువానికి ముందే తెలిపినారు. 2017 నాటికి ఆ బల్లలను తొలగించి, జనము నిలిచి చూచునట్టి వేదికలుగా మార్చినారు. ఎనిమిదేండ్లు పట్టినది.

> స్తంభము వెనుక నూరేండ్లు
>
> బోస్టన్ నగరములోని ఫెన్‌వే పార్క్ 1912 ఏప్రిల్ 20న తెరువబడినది; నేటికిని ఆటలు జరుగుచునే యున్నవి. కప్పును మోయు ఇనుప స్తంభముల వెనుక నున్న కుర్చీలను ‘చూపునకు అడ్డము కలదు’ అని టిక్కెట్టుపై సూచించియే అమ్ముట అచటి వాడుక.
>
> షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ 1914 నాటిది. అందును స్తంభములే. అయినను ఈ రెండును అమెరికనులకు దేవాలయములంత ప్రియమైనవి.

స్తంభము పోయినది, దూరము వచ్చినది

పాత మైదానములలో స్తంభము లెందుకున్నవి? నాటి ఇనుమునకు పై అంతస్తును ఆసరా లేకుండ ముందుకు చాచి నిలుపు సత్తువ లేదు. అందుచేత వరుసల నడుమ స్తంభములు పాతినారు. వాని వెనుక కూర్చున్న కొలదిమందికి కష్టమే. అయితే ఆ స్తంభముల పుణ్యమున పై అంతస్తు మొత్తము ఆటకు అతిసమీపమున, దాదాపు ఆటగాని నెత్తిమీదనే యున్నట్లుండెడిది. తరువాత కాంక్రీటు, ఉక్కు బలపడి, స్తంభము లేకుండ కట్టుట నేర్చినారు. స్తంభము తొలగగానే పై అంతస్తు వెనుకకు జరిగినది. అంతస్తుకు అంతస్తుకు నడుమ ధనవంతులకై గాజుగదులు చొప్పించగా పైకిని లేచినది. కొలదిమంది కష్టము తీరి అందరికిని దూరము కలిగినది.

దీనికి ప్రబల నిదర్శనము షికాగోలోని కొమిస్కీ పార్క్. పాతదానిని విడిచి 1991లో కొత్తది తెరచినారు. కొత్త మైదానపు పై అంతస్తులోని మొదటి వరుస, పాత మైదానపు పై అంతస్తులోని చివరి వరుస కంటెను ఆటకు దూరముగా నున్నదని జనము గగ్గోలు పెట్టినారు. పైగా నిట్టనిలువు మెట్లు. పైకెక్కినవారికి కళ్ళు తిరిగెడివి. కట్టినవారు పదిపన్నెండేండ్లు ఆ మాట విని విని, తుదకు 2004 ఆటలకు ముందు పై అంతస్తులోని చివరి ఎనిమిది వరుసలను, అనగా సుమారు 6,600 కుర్చీలను, పెరికివేసినారు. కోట్లు పోసి కట్టి, మరల డబ్బు పోసి కూల్చుట! నక్షా గీయుచున్నప్పుడు ఒక సామాన్య ప్రేక్షకుని పిలిచి అడిగియుండినచో ఈ వ్యయము తప్పెడిది.

ఇందులోని లెక్క కష్టమైనది కాదు. వెనుకవాని కంటినుండి మైదానపు అంచునకు గీసిన గీత ముందువాని కంటికి ఎంత పైగా పోవునన్నదే అసలు సంగతి. ఆ ఎడము 60 మిల్లీమీటర్లకు తగ్గరాదనియు, 90 ఉన్నచో మేలనియు, 120 ఉన్నచో ఉత్తమమనియు నిర్మాణ నిపుణుల వాడుక. బొటనవ్రేలంత ఎత్తు పెంచినను వెనుకవాని భాగ్యము మారును. స్కాట్లండు ఇంజనీరు జాన్ స్కాట్ రస్సెల్ 1838లోనే ఈ గీతల లెక్కను కట్టి ప్రచురించినాడు. కావున తెలియక జరుగుచున్న తప్పులని అనుటకు వీలులేదు. అయినను అమ్మదగిన కుర్చీల సంఖ్య పెంచవలెనన్న ఆశ పుట్టినపుడు మొట్టమొదట కోతపడునది ఈ ఎడమే.

మనవారెరుగని విద్య కాదు

రస్సెల్ కంటె ఎన్నో శతాబ్దములకు పూర్వమే భరతముని ఈ చింత చేసియున్నాడు. నాట్యశాస్త్రపు రెండవ అధ్యాయమున నాట్యగృహ నిర్మాణమును వివరించుచు, ప్రేక్షకుల ఆసనములను ఇటుకతోను కొయ్యతోను మెట్ల ఆకారమున కట్టవలెననియు, ఒక్కొక్క మూర ఎత్తున లేపవలెననియు, అచ్చట కూర్చున్నవారికి రంగపీఠము కనబడవలెననియు విధించినాడు. అంతియేకాదు, నాట్యగృహమును మితిమీరి పెద్దదిగా కట్టరాదనియు, కట్టినచో నటుని ముఖమున పలుకు భావములు కనబడవనియు, మాట వినబడదనియు హెచ్చరించినాడు. ప్రేక్షకుని కన్నునే కొలబద్దగా పెట్టుకొని కట్టడమును కొలిచిన ఆ దృష్టి నేడు లక్షమంది, లక్షన్నరమంది యని సంఖ్యలు పెంచుకొని పోవువారికి మిక్కిలి అవసరము.

> విజయపురి మెట్లు
>
> క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, నాలుగువైపుల మెట్లు కట్టి నడుమ చదునైన నేల విడిచిన ప్రేక్షాగారమొకటి ఉండెడిది. 1954–60 నడుమ జరిగిన త్రవ్వకములలో అది బయటపడినది. లోయ నాగార్జునసాగరములో మునుగునని తెలిసి, ఆ కట్టడమును అనుపు అను చోటికి తరలించి తిరిగి నిలిపినారు. ఏ మెట్టుపై కూర్చున్నను నడుమ నేల నిరాటంకముగా కనబడును.

చేపాకు చెప్పు పాఠము

మనకు పొరుగున, తెలుగువారు తరతరములుగా నివసించుచున్న చెన్నపట్నమున, చేపాకులోని ఎం.ఎ. చిదంబరం మైదానము 1934 నుండి టెస్టు ఆటలకు నెలవు. భారతదేశము తన తొలి టెస్టు విజయమును 1952లో అందుకొన్నది అచ్చటనే. అంతటి చరిత్ర గల మైదానములో కాంక్రీటు కప్పును మోయు బలిష్ఠమైన స్తంభములు ప్రేక్షకుల కన్నులకెదురుగా నిలిచియుండెడివి. స్తంభమునకు ఎడమనుండి బౌలరును, కుడినుండి బ్యాట్స్‌మనును చూచుటకు మెడ తిప్పి తిప్పి అలసిపోవుట ఒక తరపు ప్రేక్షకుల నిత్యానుభవము.

2011 ప్రపంచకప్పునకు ముందు ఆ భాగములను కూల్చి తిరిగి కట్టినారు. బరువైన కప్పునకు మారుగా తీగలతో బిగించిన పలుచని పొరను ఎత్తుగా పరచినారు. మెట్ల వాలు పెంచినారు. స్తంభములు పోయి చూపు తేట అయినది, సముద్రపుగాలి లోనికి వచ్చినది. అందలి ఐ, జె, కె స్టాండ్లు భవన అనుమతుల వివాదములో చిక్కి, చాలాకాలము మూతబడియుండుట మాత్రము విచారకరము. చూపు బాగున్న కుర్చీలు, చూచువారు లేని కుర్చీలు! వివాదము తీరి అవి తెరువబడినవి. 2023లో మరొక స్టాండు చేరినది.

పాతదానిని మార్చుట అసాధ్యమను వారికి చేపాకు సమాధానము.

ఫతేమైదానము నుండి ఉప్పల్ దాక

హైదరాబాదువారి క్రికెట్టు ముచ్చట ఫతేమైదానముతో ముడిపడినది. నేటి లాల్‌బహాదూర్ స్టేడియము అదే. 1955 నవంబరులో న్యూజిలాండుపై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకము సాధించిన తొలి భారతీయుడైనది ఆ నేలమీదనే. 1999 నవంబరు 8న అదే న్యూజిలాండుపై సచిన్ తెందుల్కర్ 186 పరుగులతో అజేయుడుగా నిలిచినాడు. ఆ పాత మైదానమున వసతులు తక్కువ. అయినను చిన్నదగుటచే ఆటగాడు దగ్గర. ఆటగాని చొక్కామీది మన్ను సైతము కనబడెడిదని పెద్దలు నేటికిని మురిసి చెప్పుచుందురు.

ఆటలు ఉప్పల్ లోని రాజీవ్ గాంధీ మైదానమునకు మారినవి. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో తొలి వన్డే, 2010 నవంబరులో న్యూజిలాండుతో తొలి టెస్టు. 2023 జనవరి 18న మరల న్యూజిలాండుపైననే శుభ్‌మన్ గిల్ 208 పరుగులు చేసినాడు. ఘనతకు కొదువ లేదు. ప్రేక్షకుల మన్నన విషయమున మాత్రము చరిత్ర అంత ఘనముగా లేదు. 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియాతో టీ20 ఆట టిక్కెట్లకై జింఖానా మైదానమున తొక్కిసలాట జరిగి పలువురు గాయపడినారు. 2023 అక్టోబరులో ప్రపంచకప్పు ఆటలనాడు పక్షిరెట్టలతో నిండిన కుర్చీల చిత్రములు దేశమంతట చూడబడినవి. సామాన్యుని కుర్చీ చివరి పట్టికలోని చివరి పద్దుగా మిగులుచున్నదని చెప్పుటకు వేరే సాక్ష్యము లక్కరలేదు.

క్రికెట్టునకు తనదైన చిక్కొకటి కలదు. బ్యాట్స్‌మన్ కంటికి బంతి స్పష్టముగా కనబడుటకు బౌలరు వెనుక తెర నిలుపవలెను; ఆ తెర వెనుక కూర్చున్నవానికి పిచ్ కనబడదు. బేస్‌బాలులోను అదే కారణముతో ఒక భాగమును ఖాళీగా విడుతురు. ఆటగాని కంటికోసము ప్రేక్షకుడు కొంత త్యాగము చేయుట న్యాయమే. అట్టి చోట్లను అమ్మకుండుట అంతకంటె న్యాయము. ప్రకటనల బోర్డులు, కెమెరా మంచెలు, సంగీతపు పెట్టెలు నిలిపిన చోట్ల వెనుక కుర్చీలను కూడ అదే వెలకు అమ్ముట ఏ న్యాయము?

అమెరికా తెలుగువారి కొత్త ముచ్చట

2015 నవంబరు 7న సచిన్, షేన్ వార్న్ జట్లు ప్రదర్శన క్రికెట్ ఆడినది సిటీ ఫీల్డ్ లోనే. మన లక్ష్మణ్ సైతము ఆ ఆటల బృందమున నుండెను. మూలకు తిరిగిన కుర్చీలలో కూర్చుండి నడుమ పరచిన పిచ్‌ను చూడవలసివచ్చినను, సచిన్‌ను చూచిన సంతోషము ముందు అది అచటి తెలుగువారికి లెక్కకు రాలేదు. డల్లాసు ప్రాంతమున తెలుగు కుటుంబములు వేలకొలది నివసించు ఊళ్ళకు సమీపమున నున్న గ్రాండ్ ప్రెయిరీ మైదానము 2008లో బేస్‌బాల్ కొరకు తెరువబడినదే. దానిని క్రికెట్టునకు తగినట్లు మార్చి 2023లో ఆటలు మొదలిడినారు. 2024 జూన్ 6న అమెరికా జట్టు పాకిస్తానును సూపర్ ఓవరులో ఓడించినది అచ్చటనే. చిన్న మైదానము, ఆట దగ్గర.

కూర్చుండియే చూడవలసినవారు

చూపునకు అడ్డమను మాట అందరికి ఒకే విధముగా తగులదు. ఆరడుగుల యువకుడు లేచి నిలుచును, చూచును. పదేండ్ల పిల్ల యేమి చేయును? మోకాళ్ళ నొప్పులతో వచ్చిన తాత యేమి చేయును? తండ్రి బిడ్డను భుజములమీద కెక్కించుకొనినచో వెనుకవాడు కోపించును. దించినచో బిడ్డ యేడ్చును. చక్రముల కుర్చీలో వచ్చినవానికి లేచి నిలుచుట అను మాటయే లేదు. వాషింగ్టన్ నగరమున ఒక కొత్త క్రీడాభవనము కట్టుచున్నప్పుడు, అవయవములు చచ్చుబడిన మాజీ సైనికుల సంఘమువారు ఈ విషయమై న్యాయస్థానమునకు పోయినారు. ముందువారు లేచి నిలిచినను చక్రముల కుర్చీలోని వానికి ఆట కనబడునట్లు దాదాపు అన్ని స్థానములను ఎత్తున అమర్చవలెనన్న తీర్పును 1997లో అప్పీలు న్యాయస్థానము సమర్థించినది. మనదేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజాభవనములు వారికి అందుబాటులో ఉండవలెనని చెప్పుచున్నది. లోనికి పోవుటకు వాలుబాట వేసి, లోపల ఆట కనబడని మూలలో కూర్చుండబెట్టుటను అందుబాటు అని ఎట్లనగలము?

> టిక్కెట్టు కొన్నవాని చేతిలోని బలము
>
> 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము వినోదము కూడ ‘సేవ’యే. కొనువానికి తెలియవలసిన సంగతిని బుద్ధిపూర్వకముగా దాచుట సేవాలోపము క్రిందికి వచ్చును.
>
> జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల రూపాయల లోపు విలువగల వ్యవహారములకు దాఖలు రుసుము లేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915.
>
> టిక్కెట్టు, కుర్చీ నంబరు కనబడు ఫోటో, ఆ కుర్చీనుండి తీసిన మైదానపు ఫోటో — ఈ మూడును దాచుకొనవలెను.

కట్టువారికి, కొనువారికి

2022 నుండి తెలంగాణ పల్లెలలో క్రీడాప్రాంగణములు వెలసినవి. కోహెడ వంటి మండలములలో అవి చదునైన నేలలు. ఒక ప్రక్క నాలుగు మెట్లు కట్టినచో వందమంది సుఖముగా చూడగలరు. పంచాయతీలు ఆ మెట్లు కట్టునపుడు ఒక్కొక్క మెట్టు మూర ఎత్తునకు తగ్గకుండ చూచుకొన్న చాలును. పెద్ద ఇంజనీరు అవసరము లేదు.

పెద్ద మైదానముల విషయమున మూడు పనులు జరుగవలెనని మా విన్నపము. కట్టకముందే ప్రతి వరుసనుండి ఆట ఎట్లు కనబడునో చూపు చిత్రములను ప్రజలముందుంచవలెను. నేటి కంప్యూటర్లకు ఇది పెద్ద పనికాదు. అడ్డమున్న కుర్చీలను టిక్కెట్టు మీదనే, తెలుగులో, పెద్ద అక్షరములతో తెలిపి, వెల తగ్గించి అమ్మవలెను. కెమెరా మంచెయో ప్రకటన బోర్డో ఆటనాడు కొత్తగా అడ్డు వచ్చినచో, ఆ కుర్చీవానికి వేరు కుర్చీయైన నీయవలెను, సొమ్మైన వాపసు చేయవలెను. క్రికెట్ సంఘములును, జట్ల యాజమాన్యములును, టిక్కెట్లమ్ము సంస్థలును ఈ బాధ్యతను ఒకరిమీద నొకరు నెట్టుకొనుట మానవలెను.

పాఠకులారా, రాబోవు ఆటలకు టిక్కెట్టు కొనునప్పుడు ఏ స్టాండు, ఎంత ధర అని అడుగుటతో ఆగక, అక్కడినుండి పిచ్ కనబడునా, దగ్గరి బౌండరీ కనబడునా అని కూడ అడుగుడు. సమాధానము రానిచో ఆ టిక్కెట్టును కొనకుడు. కొన్న తరువాత మోసము బయటపడినచో ఊరక తిరిగిరాక, 1915కు ఫోను చేయుడు.